రాయి ఎన్నుకున్న బండి: పశ్చిమ కడపలో టిప్పర్ లారీ పూర్వాపరాలు

పెన్నకు ఉత్తరపు గట్టున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, దక్షిణాన మెట్ట నేలల్లో పులివెందుల ఉన్న పశ్చిమ కడప ప్రాంతంలో సరుకు రవాణా చరిత్ర అంటే ప్రధానంగా బరువు చరిత్ర. ప్రొద్దుటూరుకు రెండో ముంబై అన్న పేరు తెచ్చిపెట్టిన బంగారం, బట్టలు, పత్తి వ్యాపారాలను గురించి చెప్పుకొన్నంతగా, ఆ ఊరి మేడలు లేవడానికి పెన్న నుంచి వచ్చిన ఇసుక గురించి గానీ, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల తవ్విన సున్నపురాయి గురించి గానీ, పులివెందుల గుట్టల్లోంచి దిగిన ముగ్గురాయి గురించి గానీ, వాటిని మోసిన బండ్ల కోణంలోంచి ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు. పత్తి, బంగారం వంటి సరుకుకు బండి ఏదైనా సరిపోతుంది. రాయి విషయం అలాంటిది కాదు. ఎంత బరువుంటుంది, ఎంత ఇరుకులో మళ్లించాలి, చివరికి ఎలా దించాలి అన్న మూడు ప్రశ్నలకు ఈ నేల ఇచ్చిన జవాబులే, ఎద్దులబండి నుంచి ముఖం చదునుగా ఉండే నేటి టిప్పర్ దాకా, ఇక్కడి వాహనాన్ని నిర్ణయిస్తూ వచ్చాయి.

దూరపు సరుకుకు ఒకప్పుడు ఇక్కడ ఎద్దు వీపే రవాణా సాధనం. 1652లో గండికోటలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, ధాన్యం, ఉప్పు మోసుకుంటూ పది పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా సాగిపోయే దృశ్యాన్ని తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. లంబాడీలు, పెరికవారు నడిపిన ఈ బిడారుల్లో ఒక్కో ఎద్దు మోసేది సుమారు ఒకటిన్నర క్వింటాలు మాత్రమే అయినా, బాట అవసరం లేకపోవడం, దారి పొడవునా మేత దొరకడం అనే రెండు సౌలభ్యాల వల్ల ఆ పద్ధతి చాలాకాలం నిలిచింది. నిజాం 1800లో ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసి, థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చేనాటికి కూడా దూరప్రయాణాల సరుకు ఎక్కువగా ఎద్దుల వీపు మీదే నడిచేది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు తాలూకాలలో పరుచుకున్న నల్లరేగడి, అంటే ఎండకు నెర్రెలిచ్చి వానకు జిగట ముద్దగా మారే మన్ను, ఈ వెనుకబాటుకు ఒక కారణం. కార్తె కురిసిన వారం రోజులు ఆ నేలలో బండిచక్రం ఇరుసు దాకా దిగబడేది.

అయితే ఊరికీ చేనుకూ మధ్య తిరిగే పొట్టి దూరాలలో బండిదే రాజ్యం. జత ఎద్దులు అర టన్ను నుంచి టన్ను వరకు లాగే ఈ బండిలో, తరువాతి కాలపు టిప్పర్‌కు మూలమనదగిన ఏర్పాటు ఒకటి అప్పటికే ఉంది. దిబ్బ ఎరువు గానీ, మన్ను గానీ తోలేటప్పుడు బండికి రెండు పక్కలా తడికలు కట్టి, లేదా పెద్ద బుట్టవంటి జల్ల అమర్చి నింపేవారు. చేనికి చేరాక ఎద్దులను విప్పి, కాడి ఉన్న నొగను పైకెత్తితే, ఒకే ఇరుసు మీద తూగే బండి వెనక్కు వాలి సరుకంతా తనంత తానే జారిపడేది. నాలుగు చక్రాల మోటారు లారీ వచ్చాక ఈ వెసులుబాటు పోయింది. లారీని వెనక్కు వాల్చడం మనిషి వల్ల అయ్యే పని కాదు కనుక, పారలతో, చేతులతో దించే హమాలీల కాలం మళ్లీ మొదలై, దాదాపు అర్ధ శతాబ్దం సాగింది. యంత్రం వచ్చి మనిషి శ్రమను తగ్గించిందని తేలికగా చెప్పే చరిత్రకారులు ఈ నడిమి ఘట్టాన్ని దాటవేస్తుంటారు.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో కాలువ, రైలు రెండూ ఈ ప్రాంతానికి వచ్చాయి గానీ, బరువు సమస్యను తీర్చలేదు. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో తవ్వించిన కర్నూలు–కడప కాలువను సాగునీటితో పాటు పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించినా, కంపెనీకి లాభం రాక 1882లో ప్రభుత్వమే దాన్ని తీసుకుంది. కాలక్రమంలో పడవలు ఆగిపోయి నీళ్లు మాత్రం మిగిలాయి. మద్రాసు నుంచి రాయచూరుకు 1871 నాటికి పూర్తయిన రైలుమార్గం కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోయింది గనుక, మన మూడు పట్టణాల్లో ఏదీ పట్టాల మీద పడలేదు. ప్రొద్దుటూరు సరుకు ఎర్రగుంట్లలోనూ, జమ్మలమడుగు, పులివెందుల సరుకు ముద్దనూరులోనూ రైలెక్కేది. రైలు వస్తే బండ్లు మూలబడతాయన్న ఊహకు భిన్నంగా, స్టేషనుకు సరుకు చేర్చే ఈ పది ఇరవై మైళ్ల బాడుగే బండివాళ్లకు ఏడాది పొడవునా పని చూపించింది. మొదట ఎద్దులబండి, తరువాత లారీ, ఆపైన టిప్పర్ బతికింది ఈ పొట్టి దూరాల మీదే.

మోయవలసిన రాయి స్వరూపాన్ని శాస్త్రీయంగా తెలిపినవారు భూగర్భశాస్త్రజ్ఞులు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో ప్రచురించిన కడప, కర్నూలు శిలావరుసల వివరణలో ఇక్కడి పొరలకు ఊళ్ల పేర్లే పెట్టాడు. వేంపల్లె పొరలు, నర్జి సున్నపురాయి, పాణ్యం, బనగానపల్లె రాళ్లు అన్న పేర్లు నేటికీ శాస్త్రగ్రంథాలలో అలాగే నిలిచాయి. అదే సంస్థకు చెందిన ఏ. ఎల్. కౌల్సన్ 1933, 1934 సంవత్సరాలలో దత్తమండలాల ముగ్గురాయి మీదా, రాతినార మీదా వేర్వేరు గ్రంథాలు వెలువరించాడు. ముగ్గురాయి అంటే బేరియం ధాతువున్న, చూపుకు తెల్లగా, చేతికి అనుకోనంత బరువుగా తగిలే ఖనిజం. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అదిమిపెట్టే బురదలో దీని పొడి కలుపుతారు. రాతినార అంటే ఆస్‌బెస్టాస్. భూమి లోతు నుంచి కరిగిన నల్లరాయి వేంపల్లె సున్నపుపొరల నడుమకు చొచ్చుకువచ్చిన చోట ఆ వేడికి సున్నపురాయి మారి ఈ నార పుట్టింది. పులివెందుల తాలూకాలోని బ్రాహ్మణపల్లె, లింగాల ప్రాంతాలలో రాతినార, వేముల వైపు ముగ్గురాయి గనులు వెలిశాయి. ఊపిరితిత్తులకు ఆ నార చేసే హాని తెలిసివచ్చి, 1986లో కేంద్రం రాతినారకు కొత్త లీజులను ఆపివేయడంతో ఆ గనులు క్షీణించాయి. ముగ్గురాయి తవ్వకం మాత్రం కొనసాగింది.

మోటారు లారీ ఈ గనులకు చేరింది రెండో ప్రపంచ యుద్ధానికి అటూ ఇటూ. 1939 నాటి మోటారు వాహనాల చట్టం లారీలను పర్మిట్ల పద్ధతిలోకి తెచ్చిన కొద్దికాలానికే యుద్ధం వచ్చి పెట్రోలు కరువై, మద్రాసు రాష్ట్రమంతటా బస్సులూ లారీలూ బొగ్గు గ్యాసుతో నడవవలసి వచ్చింది. యుద్ధం ముగిశాక సైన్యం అమ్మివేసిన షెవ్రొలే, ఫోర్డు, డాడ్జి బండ్లు దేశంలో చాలామంది తొలితరం లారీ యజమానులకు పెట్టుబడి అయ్యాయి. టాటా వారు జర్మనీలోని డైమ్లర్–బెంజ్‌తో ఒప్పందం చేసుకుని 1954లో జంషెడ్‌పూర్ నుంచి విడుదల చేసిన డీజిల్ లారీ, ఎన్నూరులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్‌గా మారాక తయారుచేసిన కామెట్, ఈ రెండే తరువాతి మూడు దశాబ్దాలూ రాయలసీమ రోడ్లను ఏలాయి. బెంజ్‌తో ఒప్పందం 1969లో ముగిసి లారీ ముందరి నక్షత్రం స్థానంలో టాటా గుర్తు వచ్చినా, జనం నోట చాలాకాలం అది బెంజి లారీగానే మిగిలింది.

ఆనాటి టాటా లారీకి ముందు భాగంలో పొడుచుకు వచ్చిన బానెట్ ఉండేది. దాని కింద ఇంజను, వెనుక డ్రైవరు, ఆ వెనుక తొట్టి. కంపెనీ అమ్మేది చాసిస్ మాత్రమే. అంటే ఇంజను, చక్రాలు, వాటిని కలిపే ఇనుప దూలాలు, ముందరి కవచం వరకే. డ్రైవరు కూర్చునే క్యాబిన్‌నూ, సరుకు వేసే బాడీనీ విజయవాడ ఆటోనగర్‌లోనో, తమిళనాడులోని నామక్కల్ వైపునో వడ్రంగులు, కమ్మరులు కొయ్యతోనూ రేకుతోనూ కట్టేవారు. బాడీకి రెండు పక్కలా, వెనుకా మడతబందులతో కిందికి తెరుచుకునే తలుపులుండేవి. సున్నపురాయి గానీ ఇసుక గానీ వచ్చినప్పుడు ఆ తలుపు దించి, నలుగురైదుగురు మనుషులు పారలు పట్టి దించవలసిందే. పది టన్నుల రాయి దించడానికి పట్టే సమయంలో లారీ ఇంకో తిరుగుడు వేయగలదన్న లెక్క యజమానికి తెలియనిది కాదు గానీ, కూలి చౌకగా, యంత్రం ఖరీదుగా ఉన్నంతకాలం ఆ లెక్కకు విలువ లేకపోయింది.

ఒక సరుకు విషయంలో ఈనాటికీ అదే పద్ధతి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, నిడుజువ్వి ప్రాంతాలలో పొరలుపొరలుగా విడదీసే నాపరాయి దేశమంతటా కడప బండలుగా ప్రసిద్ధం. వంటింటి గట్లకూ, ఇంటి నేలకూ, గోడ అరలకూ వాడే ఈ నల్లని పలకలను లారీలో పడుకోబెట్టరు. అంచు మీద నిలువుగా, ఒకదాని వెనుక ఒకటి కొద్దిగా వాలుగా నిలబెట్టి, ఖాళీలలో గడ్డి దట్టించి, చివరి వరుసకు కొయ్య ఆనిస్తారు. పడుకోబెట్టిన పలక గుంతలో చక్రం పడ్డప్పుడు నడుం విరిగి రెండవుతుంది. నిలబెట్టినది తన బరువును తానే అంచు మీద మోసుకుంటుంది. ఇలాంటి సరుకుకు టిప్పర్ పనికిరాదు. ఒకే పొరలోంచి వచ్చిన రాయి పలకగా వెళితే తలుపుల లారీనీ, ముక్కలుగా సిమెంటు ఫ్యాక్టరీకి వెళితే టిప్పర్‌నూ కోరుతుంది.

ఇంజను మీద క్యాబిన్‌ను కూర్చోబెట్టే చదును ముఖపు లారీ, అంటే క్యాబ్‌ఓవర్, వ్యాపించింది ఎక్కువగా చట్టాల ఒత్తిడి వల్ల. 1950ల చివర పశ్చిమ జర్మనీ లారీల పొడవుకు కఠినమైన హద్దులు పెట్టినప్పుడు, బానెట్ ఆక్రమించే నాలుగైదు అడుగులను తొట్టికి కలుపుకోవాలంటే డ్రైవరును ఇంజను మీదికి ఎక్కించడమే అక్కడి కంపెనీలకు మార్గమైంది. అమెరికాలో 1982లో పొడవు నిబంధనలు సడలగానే పెద్ద లారీలు తిరిగి బానెట్‌కు మళ్లాయి. మన దేశంలో మార్పు పై నుంచి కాక కింది నుంచి, అంటే చిన్న లారీల నుంచి వచ్చింది. 1980ల నడుమ జపాను కంపెనీల సహకారంతో డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్ అనే నాలుగు సంస్థలు తేలికపాటి లారీలను తెచ్చాయి. నాలుగింటికీ ముఖం చదునే. వీటిలో ఆల్విన్ నిస్సాన్ తెలుగునేల మీదే, మెదక్ జిల్లా జహీరాబాద్‌లో తయారైంది. వాటికి పోటీగా 1986లో వచ్చిన టాటా 407 మాత్రం సగం మూతితో, పాత అలవాటుకూ కొత్త పద్ధతికీ రాజీగా నిలిచి, అమ్మకాలలో అన్నింటినీ దాటిపోయింది. మంచి యంత్రం గెలుస్తుందన్న మాట కంటే, పల్లెటూరి మెకానిక్ విప్పి బిగించగల యంత్రం గెలుస్తుందన్న మాటే ఇక్కడ నిజమైంది.

గని యజమానికి చదును ముఖంలో కనిపించిన లాభాలు వేరు. బానెట్ లేకపోతే ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ దూరం తగ్గి, బండి తక్కువ జాగాలో మళ్లుతుంది. క్వారీలో అంచెలంచెలుగా దిగే బాటల మూలల్లో, ఒక పక్క రాతి గోడ, మరోపక్క లోయ ఉన్నచోట, ఒకే తిప్పుతో మళ్లే బండికీ, రెండుసార్లు వెనక్కూ ముందుకూ జరిపి మళ్లించవలసిన బండికీ మధ్య తేడా రోజుకు రెండు మూడు తిరుగుళ్లు. ముందు చక్రాల ముంగిట నేల డ్రైవరుకు కనిపించడం మరొక మేలు. ఇంజను మరమ్మతుకు బానెట్ ఎత్తినంత సులువు కాకపోవడం దీని లోపమని తొలినాళ్లలో గట్టి ఫిర్యాదు ఉండేది. క్యాబిన్ మొత్తాన్నీ ముందుకు వంచగలిగే ఏర్పాటు వచ్చాక ఆ మాట వినపడడం తగ్గింది.

తొట్టిని ఎత్తే యంత్రాంగం స్థూలంగా ఇది. గేరుబాక్సు పక్కన అమర్చిన పీటీవో అనే చిన్న గేరు ఇంజను శక్తిలో కొంత తీసి నూనె పంపుకు ఇస్తుంది. పంపు నూనెను ఒత్తిడితో ఒక గొట్టంలోకి నెడుతుంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు నాలుగు గొట్టాల వరుస పైకి సాగి తొట్టి ముందు భాగాన్ని లేపుతుంది. వెనుక మడతబందు మీద తొట్టి నలభై అయిదు డిగ్రీలకు పైగా వాలి సరుకు జారిపోతుంది. జాకీ అనే ఈ గొట్టాల వరుస తొట్టి నడుం కిందో, ముందు గోడ దగ్గరో ఉంటుంది. ముందున్నది తక్కువ ఒత్తిడితో ఎక్కువ బరువు లేపుతుంది. డచ్చి మూలాలున్న హైవా సంస్థ ఈ ముందరి జాకీలను భారతదేశంలో విస్తారంగా అమ్మడంతో, తయారుచేసింది టాటా అయినా లేలాండ్ అయినా పది చక్రాల టిప్పర్‌ను తెలుగునాట హైవా అనే పిలుస్తున్నారు. నొగ ఎత్తి బండిని వాల్చిన పాత పనే ఇప్పుడు నూనె ఒత్తిడితో జరుగుతున్నది.

టాటా టిప్పర్ల పలక మీద రాసే అంకెలు కొనేవాడికి చాలా సంగతులు చెబుతాయి. ఎస్‌కే 1613 అంటే సగం మూతి గల టిప్పర్, సరుకుతో కలిపి 16 టన్నుల బరువు, సుమారు 130 గుర్రాల శక్తి. ఎల్‌పీకే 2518 అంటే చదును ముఖం, 25 టన్నులు, 180 గుర్రాలు. ‘కే’ అన్న అక్షరం జర్మను భాషలో టిప్పర్‌ను సూచించే మాట నుంచి వచ్చిన బెంజి వారసత్వం. ఎస్‌కే నుంచి ఎల్‌పీకేకు మారడమే ఈ జిల్లాలో టిప్పర్ చరిత్రకు ప్రధాన మలుపు. ఆ మలుపుకు తక్షణ కారణం సిమెంటు. టన్ను క్లింకర్, అంటే బట్టీలో కాలిన సిమెంటు గడ్డ, తయారుకావాలంటే దాదాపు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి గనుక, ఫ్యాక్టరీ రాయి దగ్గరికే రావాలి. రాయి ఫ్యాక్టరీ దాకా పోతే బాడుగే లాభాన్ని తినేస్తుంది. ప్రభుత్వరంగ సిమెంట్ కార్పొరేషన్ ఎర్రగుంట్లలో స్థాపించి, తరువాత ఇండియా సిమెంట్స్ చేతికి వెళ్లిన కర్మాగారం, చిలంకూరు ఫ్యాక్టరీ, ఎర్రగుంట్ల దగ్గరి జువారీ సిమెంట్, కమలాపురం మండలం నల్లలింగాయపల్లెలో 2009లో మొదలైన భారతి సిమెంట్, జమ్మలమడుగుకు చేరువన చిన్నకొమెర్లలోని దాల్మియా సిమెంట్ అన్నీ ఆ సూత్రానికి నిదర్శనాలు. ఎర్రగుంట్ల, ముద్దనూరుల నడుమ 1994లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద రూపంలో మరొక సరుకును చేర్చింది. 1999లో కేంద్రం ఆ బూడిదను ఇటుకలకూ సిమెంటుకూ వాడాలని ఆదేశించడంతో దానికీ లారీలు వరుస కట్టాయి.

టిప్పర్‌ను ఎంచుకోవడంలో అసలు చిక్కు బరువుకూ పరిమాణానికీ ఉన్న తేడాలో ఉంది. ఈ ప్రాంతంలో ఇసుక, కంకర యూనిట్ల లెక్కన అమ్ముతారు. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, అంటే 2.83 ఘనమీటర్లు. పొడి ఇసుక యూనిట్ సుమారు నాలుగున్నర టన్నులు తూగుతుంది. పెన్న మడుగులోంచి అప్పుడే తీసిన తడి ఇసుక అయిదు టన్నులు దాటుతుంది. పగలగొట్టిన సున్నపురాయి కూడా పొడి ఇసుకకు దగ్గర బరువే. ముగ్గురాయి దగ్గరికి వచ్చేసరికి, గట్టి రాయి నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువైనది కనుక, ముక్కల మధ్య ఖాళీలు పోగా కూడా యూనిట్ సుమారు ఏడు టన్నులవుతుంది. విద్యుత్ కేంద్రపు బూడిద చెరువు నుంచి తీసిన బూడిద వీటన్నిటికంటే తేలిక. ఇప్పటి మోటారు వాహనాల చట్టం ఏడున్నర టన్నుల నుంచి పన్నెండు టన్నుల మొత్తం బరువు గల లారీని మధ్యతరహా సరుకు వాహనమంటుంది. బండి సొంత బరువు పోగా దానికి మిగిలేది ఏడు టన్నులకు మించదు. కనుక ప్రొద్దుటూరు వీధుల్లో ఇల్లు కట్టేవాడికి మధ్యతరహా టిప్పర్ ఒకటిన్నర యూనిట్ల ఇసుక తెస్తే చట్టానికి లోబడినట్టు, రెండు యూనిట్లు తెస్తే మీరినట్టు. వేముల గని నుంచి ముగ్గురాయి తెచ్చేవాడు ఒక్క యూనిట్‌తో ఆగాలి, తొట్టి సగం ఖాళీగా కనిపించినా సరే. ఆ ఖాళీని చూసి ఆగగలిగిన బాడుగదారు అరుదు. బూడిద తోలేవాళ్లు తొట్టి అంచులకు పలకలు బిగించి ఎత్తు పెంచుకోవడం, అదే బండిని మర్నాడు రాయికి వాడడం, తరువాత స్ప్రింగు పట్టీలు విరిగాయని బాధపడడం ఈ వృత్తిలో పరిపాటి.

రెండు ఇరుసుల లారీకి 16.2 టన్నుల హద్దు ఉన్న రోజుల్లో, సొంత బరువు రమారమి ఆరు టన్నులు పోగా మిగిలే పది టన్నుల్లో రెండు యూనిట్ల పొడి ఇసుక ఇమిడేది. ఆరు చక్రాల టిప్పర్ రెండు యూనిట్ల బండిగా స్థిరపడడానికి మూలం ఇదే. ఒక యూనిట్ పట్టే ట్రాక్టర్ ట్రాలీ దానికి కింది మెట్టు. నిజానికి ఇరుకు సందులకు, ఏటి ఇసుకలోకి దిగడానికి ట్రాక్టరే మేలు. దుక్కికి దుక్కి, బాడుగకు బాడుగ అన్నట్టు రైతు ఇంట్లో రెండు పనులకూ అక్కరకొచ్చే బండి అదొక్కటే. అదనపు బరువును రుసుము కట్టించుకుని అనుమతించే రాష్ట్రాల పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. 2018లో కేంద్రం హద్దులనే పెంచి, రెండు ఇరుసుల లారీకి 18.5 టన్నులు, మూడు ఇరుసుల దానికి 28.5 టన్నులు చేసింది. కాటా దగ్గర జరిగే తగాదాలు అంతమాత్రాన తగ్గలేదు.

ఒకే బండి రెండు పనులు చేయాలన్న కోరిక చలిదేశాలలో మరో రూపం తీసుకున్నది. జపాను, ఉత్తర అమెరికాలలో మధ్యతరహా చదును ముఖపు టిప్పర్‌ను వేసవిలో కంకర తోలడానికీ, శీతకాలంలో ముందు ఇనుప నాగలి పలక తగిలించి రోడ్ల మీది మంచును పక్కకు నెట్టడానికీ వాడతారు. 1959లో పుట్టిన ఇసుజు ఎల్ఫ్ వంశపు బండ్లు 1984 నుంచి అమెరికాలోనూ అమ్ముడవుతున్నాయి. అక్కడ కొనేవాడి మొదటి ప్రశ్న ముందు ఇరుసు సత్తువ గురించి. చదును ముఖపు బండిలో ఇంజను, క్యాబిన్, మనుషులు ముందు ఇరుసు మీదే కూర్చుంటారు కనుక, దానికి మూడు నాలుగు క్వింటాళ్ల పలక తోడైతే హద్దు దాటే ప్రమాదముంది. అందుకే వెనుక తొట్టిలో ఉప్పు గానీ ఇసుక గానీ ఉంచి తూకం సరిచేస్తారు. మన దేశంలో హిమాలయ కనుమల మంచును సరిహద్దు రోడ్ల సంస్థ లారీలకు అప్పగించక, ప్రధానంగా బుల్డోజర్లు, మంచు కోసే యంత్రాలతో తీయిస్తుంది. పశ్చిమ కడపలో ముందు ఇరుసును పరీక్షించేది మంచు కాదు, తెల్లవారుజామున గని బాటలో నిండు తొట్టితో దిగుతూ బ్రేకు వేసినప్పుడు ముందుకు ఉరికే బరువు.

2004లో జలయజ్ఞం పేరిట సాగునీటి పనులు మొదలయ్యాక టిప్పర్‌కు మహర్దశ పట్టింది. గాలేరు–నగరి పథకంలో భాగంగా పెన్న మీద గండికోట దగ్గర 26.85 టీఎంసీల జలాశయం, దాని నుంచి సర్వరాయసాగర్, వామికొండ వైపు కాలువలు, పులివెందుల పొలాలకు నీరిచ్చే చిత్రావతి జలాశయపు పనులు, ఇవన్నీ అడుగడుగునా మట్టి తవ్వి, మట్టి పోసి, మట్టి అదిమే పనులు. పొక్లెయిన్, అంటే తొండంతో తవ్వే యంత్రం, నాలుగైదు బొచ్చెలతో ఒక టిప్పర్ నింపేస్తే, తవ్వే యంత్రం ఖాళీగా నిలబడకుండా ఎన్ని టిప్పర్లు తిరగాలన్నదే గుత్తేదారు లెక్క. దూరం కిలోమీటరు పెరిగితే బండ్లు పెరగాలి, లేదా బండి పెద్దది కావాలి. ఆరు చక్రాల టిప్పర్లు పక్కకు జరిగి పది చక్రాల హైవాలు ఈ ప్రాంతంలో స్థిరపడింది ఈ దశలోనే.

నల్లరేగడి ఇక్కడ పాత పగ తీర్చుకుంది. తడిసిన రేగడి తొట్టి ముందు మూలల్లో అంటుకుపోయి, తొట్టి పూర్తిగా లేచాక కూడా జారదు. బరువంతా ఆకాశంలో, ఆధారమంతా వెనుక మడతబందు దగ్గర ఉన్న ఆ క్షణంలో ఒకవైపు చక్రం మెత్తటి నేలలో నాలుగు అంగుళాలు దిగితే బండి పక్కకు పడిపోతుంది. లేచిన తొట్టి కరెంటు తీగలకు తగిలి జరిగే ప్రమాదాలు మరొక రకం. అనుభవమున్న డ్రైవర్లు దించే చోటును ముందుగా కాలినడకన చూసుకోవడం, తొట్టి లేపేటప్పుడు క్యాబిన్ దిగకపోవడం ఈ ప్రమాదాల నుంచి నేర్చిన పద్ధతులు.

ఇదే కాలంలో పులివెందులకు దగ్గరలో పూర్తిగా వేరే తరహా టిప్పర్ భూమిలోకి దిగింది. వేముల మండలం తుమ్మలపల్లెలో 2007లో పునాదిరాయి పడి 2012లో ప్రారంభమైన యురేనియం గనిలో, ముగ్గురాయి, రాతినార పుట్టిన ఆ వేంపల్లె సున్నపుపొరల వరుసలోనే పలచని పొరగా విస్తరించిన ఖనిజాన్ని సొరంగాల ద్వారా తీస్తారు. సొరంగపు కప్పు తక్కువ ఎత్తు గనుక అక్కడి బండి పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. డ్రైవరు ఇంజను మీద కాక, దాని పక్కన దాదాపు చక్రాల మట్టంలో కూర్చుంటాడు. అది ఖనిజాన్ని కన్వేయర్ పట్టీ దాకా చేర్చి వెనుదిరుగుతుంది, వెలుతురులోకి రావలసిన పని లేదు. పైనున్న గనుల్లో డ్రైవరును ఎత్తుకు ఎక్కించిన రాయే కిందున్న గనిలో అతణ్ణి నేలకు అదిమింది.

పైన తిరిగే చదును ముఖపు బండికి ఈ సీమలో ఒక స్వాభావికమైన ఇబ్బంది ఉంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండలో, ఇంజను మీద కూర్చున్న డ్రైవరుకు కిందినుంచి మరో సెగ. బానెట్ లారీలో ఇంజను వేడి కొంత ముందే చెదిరిపోయేది. చదును ముఖంలో అది కాళ్ల మధ్య కప్పు కింద నిలుస్తుంది. ఆ కప్పు మీద మందపాటి పట్టా పరచడం, అద్దాలు దించి దుమ్మంతా పీల్చడం తప్ప మరో దారి లేని తరాలు గడిచాయి. మూడున్నర టన్నులు మించిన కొత్త లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేసిన కేంద్ర నిబంధన 2025లో అమలులోకి వచ్చింది. ఇక పట్టాల సంగతికి వస్తే, ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా నంద్యాలకు 2016లో రైలు నడవడం మొదలై, దాదాపు నూటయాభై ఏళ్లకు ఈ రెండు పట్టణాలూ పట్టాలెక్కాయి. పులివెందులకు ఇంకా రైలు లేదు. రైలు వచ్చిన చోట కూడా గని నుంచి ఫ్యాక్టరీకీ, ఏటి నుంచి ఇంటికీ ఉన్న దూరాలు టిప్పర్లవే. పాత ఎస్‌కే బండ్లు క్వారీల అడుగు బాటల్లో, ఏసీ లేకుండా, నంబరు పలకలు మసకబారినా, ఇంకా రాయి తోలుతూనే ఉన్నాయి.